జోలాపుట్‌లో అదిరే జిగ్గుతో కొరమీను వేట

ఆంధ్ర, ఒడిశా సరిహద్దులోని జోలాపుట్ జలాశయం పూర్తి నీటిమట్టం సముద్రమట్టానికి 2750 అడుగులు. వేసవిలో కరెంటు తయారీకి నీరు వదిలినకొద్దీ మట్టం దిగిపోయి, ఒడ్డు పొడవునా ఎర్రమట్టి బయటపడి బీటలు వారుతుంది. తొలకరి పడగానే ఆ మట్టిమీద గడ్డి, తుంగ, చిన్న చిన్న ముళ్లపొదలు మొలిచి మోకాలెత్తుకు వస్తాయి. ఆ తరువాత ఎగువన వానలు ముదిరి, మాచ్‌ఖండ్ నదికి వరద తగిలి, నీరు రోజుకింతగా ఆ పచ్చగడ్డి మీదికి ఎక్కుతుంది. వలలవారికి అది చికాకు కాలం, ఎందుకంటే ముంపు గడ్డిలో వల వేస్తే చేప కన్నా చెత్త ఎక్కువ వస్తుంది. నేను గాలపు కర్ర సర్దుకుని జయపురం నుంచి బయలుదేరేది మాత్రం సరిగ్గా ఆ వారాలలోనే.

నా దారం చివర ఉండేది కప్ప కాదు, వానపాము కాదు, పరిగె పిల్ల కూడా కాదు. ఒక బరువైన లోహపు తల, దాని ముందు ఆరు మూలల స్టీలు రేకు, వెనుక సిలికాన్ పోగుల కుచ్చు, ఒకే ఒక పెద్ద కొక్కెం, ఇంతే సరంజామా. దుకాణంలో దీనిని వైబ్రేటింగ్ జిగ్ అని అమ్ముతారు. మాలో గాలం సరదా ఉన్న నలుగురమూ ‘అదిరే జిగ్గు’ అంటాము. అమెరికాలో లార్జ్‌మౌత్ బాస్ అనే చేప కోసం కనిపెట్టిన ఎర ఇది. ఆ చేప జోలాపుట్‌లో లేదు. అయినా ఈ ఎర మన కొరమీనుకు ఎందుకు పనికివస్తుందో, ఎప్పుడు పనికిరాదో, బాస్ వేటగాళ్లు చెప్పే పద్ధతిలో దేనిని ఇక్కడ మార్చుకోవాలో రాయాలని చాలాకాలంగా అనుకుంటున్నాను. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను: ఈ ఎర ఘనత అంతా చేపను దూరం నుంచి పిలవడంలో ఉందని అందరూ అంటారు కానీ, నీటి అడుగున ఏముందో మన చేతికి తెలియజేయడంలోనే దాని అసలు ప్రయోజనం ఉందని నేను నమ్ముతాను.

ఈ ప్రాంతం తెలియనివారికి నాలుగు మాటలు. ఆంధ్రప్రదేశ్, ఒడిశాల ఉమ్మడి మాచ్‌ఖండ్ జలవిద్యుత్ కేంద్రానికి నీరు నిలవచేసే జలాశయం ఇది. 1955లో ఉత్పత్తి మొదలైన ఆ కేంద్రం సామర్థ్యం 120 మెగావాట్లు. ఒక గట్టున అల్లూరి సీతారామరాజు జిల్లా ముంచంగిపుట్టు మండలం, ఎదుటి గట్టున కొరాపుట్ జిల్లా ఊళ్లు ఉంటాయి. ఇక్కడ వదిలిన నీరు డుడుమ దగ్గర మళ్లి, విద్యుత్కేంద్రం దాటి, బలిమెల జలాశయానికి, ఆపైన సీలేరుకు చేరుతుంది. 1936లో ఒడిశా విడిగా ఏర్పడేదాకా కొరాపుట్ ప్రాంతం విశాఖపట్నం జిల్లాలోనే ఉండేది కాబట్టి జయపురం బజారులోనూ ఒనకడిల్లి సంతలోనూ తెలుగు వినబడితే ఎవరూ తలతిప్పి చూడరు. చేపల హక్కు మత్స్యకారుల సంఘాలది గనుక వారితో ముందుగా మాట్లాడి, వలలు లేని పాయలలోనే నేను గాలం వేస్తాను.

లార్జ్‌మౌత్ బాస్ అనగానే విశాఖ హోటళ్లలో సీ బాస్ పేరుతో వడ్డించే పండుగప్ప గుర్తుకు వస్తే దానిని పక్కన పెట్టండి. పండుగప్ప ఉప్పునీటికీ మంచినీటికీ మధ్య తిరిగే మన తీరపు చేప. లార్జ్‌మౌత్ బాస్ ఉత్తర అమెరికా మంచినీటి చేప, సన్‌ఫిష్ కుటుంబానికి చెందినది. దాని పై దవడ కంటిని దాటి వెనక్కి సాగుతుంది, పక్కల పొడవునా నల్లని పట్టీ ఉంటుంది. జార్జ్ పెర్రీ అనే ఆయన 1932 జూన్ 2న జార్జియా రాష్ట్రంలో 22 పౌండ్ల 4 ఔన్సుల బాస్‌ను పట్టాడు. 2009లో జపాన్‌లోని బివా సరస్సులో మనాబు కురిటా పట్టినది ఒక ఔన్సు ఎక్కువ తూగింది. అయితే పాత రికార్డును చెరిపివేయాలంటే కనీసం రెండు ఔన్సులు మించాలన్న నియమం ఉన్నందున ఇద్దరి పేర్లూ సరిసమానంగా నిలిచాయి. పది కిలోల చేప కోసం ఔన్సుల లెక్క చూసే ఆ పట్టుదల నాకు నచ్చుతుంది.

మనకు కావలసింది దాని తూకం కాదు, నడవడి. బాస్ మైళ్ల దూరం వెంటాడి తినే చేప కాదు. గడ్డి అంచున, మునిగిన మాను పక్కన, పడవల రేవు నీడలో కదలక నిలబడి, దగ్గరికి వచ్చిన పరిగెనో కప్పనో ఎండ్రకాయనో ఒక్క ఉదుటున నోట వేసుకుంటుంది. కొరమీను బతికే తీరు కూడా ఇదే. రెండింటికీ దగ్గర చుట్టరికం ఏమీ లేదు. ఒకటి ఆక్సిజన్‌కు మొప్పలనే నమ్ముకుంటే, రెండవది నీటిపైకి వచ్చి గాలి మింగనిదే బతకలేదు. అయినా నిలకడ నీరు, దట్టమైన గడ్డి, నీడ, పొంచి ఉండటం అన్న నాలుగు విషయాలలో రెండూ ఒక్కదారినే పోతాయి గనుక ఒకదాని కోసం పుట్టిన ఎర రెండవదానికి పనికిరావడంలో ఆశ్చర్యం లేదు.

ఈ ఎరను సౌత్ కరోలినా రాష్ట్రంలో రాన్ డేవిస్ అనే ఆయన, ఆయన కుమారుడు కలిసి తయారుచేసి చాటర్‌బెయిట్ అని పేరు పెట్టారు. 2006 జనవరిలో ఫ్లోరిడాలోని ఓకీచోబీ సరస్సు మీద జరిగిన పోటీని బ్రయన్ థ్రిఫ్ట్ ఈ ఎరతో గెలిచాక దేశమంతా దీని వెంటపడింది; తరువాత దానిని ఎరలు తయారుచేసే జీ-మ్యాన్ సంస్థ తీసుకుంది. అంతకుముందు జిగ్గులూ ఉండేవి, గిరగిర తిరిగే రేకు ఎరలూ ఉండేవి. ఇందులో కొత్తదనం ఏమిటంటే, రేకు తీగమీద విడిగా తిరగదు. జిగ్గు తల ముందున్న కన్నానికే నేరుగా తగిలించి ఉంటుంది, మన దారం ఆ రేకు పైభాగానికున్న స్నాప్‌కు, అంటే చిన్న తీగ కొక్కేనికి కట్టి ఉంటుంది. లాగినప్పుడు ఎదురు నీరు రేకును ఒక పక్కకు నెడుతుంది, అది కొంతదూరం పోయి తలకు తగిలి ఆగుతుంది, వెంటనే నీరు దానిని రెండో పక్కకు నెడుతుంది. సెకనుకు ఎన్నోసార్లు జరిగే ఈ కొట్టుడు వల్ల ఎర మొత్తం అటూ ఇటూ ఊగుతుంది, కుచ్చు విచ్చుకుని ముడుచుకుంటుంది, రేకు తలకు తగిలి టకటకలాడుతుంది, ఆ అదురు దారం వెంట పాకి కర్ర దాకా వస్తుంది. సరిగ్గా నడుస్తున్న జిగ్గు చేతికి ఎలా తెలుస్తుందంటే, పిల్లలు తోక పట్టుకున్న తూనీగ రెక్కలు కొట్టుకున్నట్టు ఉంటుంది.

చేప దానిని గుర్తించేది ఎక్కువగా పక్కగీతతో. మొప్ప వెనుక నుంచి తోకదాకా సాగే ఆ సన్నని గీత వెంట నీటి కదలికను పసిగట్టే సూక్ష్మమైన అవయవాలు ఉంటాయి. ఎర్రనీటిలో కన్ను పనిచేయనప్పుడు చేపకు అదే దిక్కు. అయితే ఇక్కడ ఒక మాట నిదానంగా ఆలోచించాలి. పక్కగీత బాగా పనిచేసేది చేప పొడవుకు ఒకటి రెండింతల దూరంలోనే. రేకు టకటక శబ్దం చేప లోపలి చెవికి మరికొంత దూరం నుంచి వినబడవచ్చు కానీ, ఎర్రనీటిలో గురి తప్పకుండా కొట్టడానికి చేప నమ్ముకునేది దగ్గరి కదలికనే. అంటే అడుగున్నర కొరమీను మీద మన ఎర పనిచేయాలంటే దానికి గజం దూరంలోనైనా పోవాలి. ఎక్కడో ఒకచోట విసిరి లాగితే అదురు విని చేపలు పరుగెత్తుకు వస్తాయని చెప్పే ప్రకటనలను నేను నమ్మకపోవడానికి కారణం ఇదే. చేప ఉన్నచోటికి ఎరను తీసుకుపోవలసిన పని మనదే. ఆ చోటు ఏదో కనిపెట్టడానికి అదే ఎర సాయపడుతుందన్నది నేను చెప్పదలచిన సంగతి.

బాస్ వేటగాళ్లు ఈ జిగ్గు గురించి చెప్పేటప్పుడు వారి మనసులో ఉండే నీరు వేరు. ఉదాహరణకు అలబామాలో టెనెసీ నది మీద 1939లో పూర్తయిన గంటర్స్‌విల్ జలాశయాన్ని తీసుకుంటే, అక్కడ పడవలు, బార్జీలు నడవాలి గనుక మట్టాన్ని ఏడాది పొడవునా రెండడుగుల తేడాలోపే నిలుపుతారు. అందువల్ల నీటి అడుగున నాచు ఏటేటా అవే చోట్ల పెరుగుతుంది, వేటగాడు ఒకసారి నాచు గట్టును కనిపెడితే వచ్చే ఏడాది కూడా నేరుగా అక్కడికే పోతాడు. ఆ నాచులో ముఖ్యమైన హైడ్రిల్లా 1950ల తొలినాళ్లలో అక్వేరియం వ్యాపారం ద్వారా ఫ్లోరిడాకు చేరిన విదేశీ మొక్క, మన చెరువుల్లో పుట్టి పెరిగేదే. దానిని అదుపు చేయడానికి అక్కడి ప్రభుత్వాలు మందులు చల్లుతుంటే, బాస్ వేటగాళ్లు వద్దని మొరపెట్టుకుంటారట. సరే, అది వారి తగవు.

జోలాపుట్‌లో ఆ లెక్క చెల్లదు. ఇక్కడ మట్టం ఒక ఏడాదిలోనే ఎన్నో అడుగులు దిగి ఎక్కుతుంది గనుక నిలకడగా ఉండే నాచు గట్లు తక్కువ. చేపకు నీడనిచ్చేది ఆ ఏడు కొత్తగా మునిగిన గడ్డి, అది కూడా కుళ్లనంతకాలమే. నీరెక్కిన మొదటి వారాలలో గడ్డి నిటారుగా పచ్చగా నిలబడి ఉంటుంది, మట్టిలోని పురుగూ మిడతా తేలుతుంది, వాటికోసం పరిగెలు వస్తాయి, పరిగెల వెనుక కొరమీను వస్తుంది. నీరు మరింత ఎక్కాక పాత అంచు లోతున పడి, గడ్డి మెత్తబడి, బురదకు అతుక్కుపోతుంది. అప్పుడు చేప కొత్త అంచుకు జరుగుతుంది. కాబట్టి నేను కిందటి వారం పట్టిన చోటికి మళ్లీ పోను. మట్టం ఎంత పెరిగిందో అడిగి తెలుసుకుని, ఒడ్డు వాలు ఎంతో చూసి, కొత్త అంచు ఎక్కడ ఉంటుందో లెక్కకట్టుకుంటాను. వాలు తక్కువగా ఉన్న పాయల చివర్లలో, అంటే వేసవిలో గిరిజనులు కూరగాయలు వేసుకునే మెరక పల్లాలలో, అడుగు మట్టం పెరిగితే అంచు ఎన్నో గజాలు వెనక్కి పోతుంది. నిట్రంగా ఉన్న కొండవాలున ఆ తేడా పెద్దగా కనబడదు. నేను వెళ్లేది మొదటి రకం చోట్లకే.

ఇక చేతి సంగతి. నన్ను తీసుకుపోయే పడవ ఆయన వయసులో పెద్దవాడు. చిన్నప్పుడే శ్రీకాకుళం వైపు నుంచి తండ్రితో వచ్చి ఇక్కడే స్థిరపడ్డాడు. జిగ్గును మొదటిసారి అరచేతిలో పెట్టి చూపించినప్పుడు రేకును గోటితో మీటి చూసి, “ఇదేటి నాయనా, తలుపు గొళ్లెంలాగుంది. దీనికి చేప పడతాదేటి?” అన్నాడు.

“పడుతుంది మావా, ముందు గడ్డి ఎక్కడుందో చెబుతుంది,” అన్నాను.

“గడ్డి ఎక్కడుందో నానే సెప్తాను, దానికి రేకెందుకు?” అని నవ్వాడు. ఆ మాటలో నిజం ఉంది. వేసవిలో ఆ నేలమీద నడిచిన మనిషికి అడుగున ఏ కుదురు ఎక్కడుందో గుర్తే. కానీ నీరు ఎర్రగా ఉండి, అడుగున్నర లోతున కూడా ఏమీ కనబడనప్పుడు ఆయనకు తెలిసినది గడ్డి ఉన్న చోటు మాత్రమే. గడ్డి ఇంకా నిలబడి ఉందా, పడిపోయిందా అన్నది జిగ్గుకు తెలుస్తుంది.

అంచుకు అవతల, లోతు వైపు పడవ నిలిపి, గడ్డి మీదికి విసిరి లోతు వైపుకు లాగడం నా పద్ధతి. జిగ్గు నీట పడి దారం బిగిశాక కర్ర కొనను ఒక్కసారి చురుగ్గా కదపాలి, లేకపోతే రేకు కొన్నిసార్లు తలకు అతుక్కుని కదలకుండానే వచ్చేస్తుంది. అదురు మొదలైన తరువాత అదురు ఆగనంత నిదానంగా రీలు తిప్పాలి. అంతకు మించిన వేగం అక్కరలేదు. ఇక అక్కడి నుంచి మనసంతా మణికట్టులో ఉండాలి. అదురు స్పష్టంగా, సమంగా వస్తున్నదంటే కింద ఖాళీ నీరు. అదురు మధ్యమధ్య తడబడుతూ, మళ్లీ వెంటనే తేరుకుంటుంటే నిలబడిన గడ్డి పోచల కొనలు రేకుకు తగులుతున్నాయన్నమాట, కావలసినది అదే. అదురు క్రమంగా బరువెక్కి, మందమై, చివరకు చచ్చిపోతే కుళ్లిన గడ్డి రేకుకు చుట్టుకుంది. జిగ్గు పైకి తీసి శుభ్రం చేసుకోవాలి, ఆ చోటు మీద ఆశ వదులుకోవాలి. టక్, టక్ అని గట్టిగా తగిలి, ఎర ఎక్కి దిగినట్టుంటే అది కొమ్మ లేదా మోడు. అదురు ఉన్నట్టుండి పూర్తిగా మాయమై, చేతిలో బరువే లేకుండా దారం వదులైతే, ఆలోచించకుండా రీలు తిప్పి కర్ర ఎత్తాలి, ఎందుకంటే ఎరను నోట్లో వేసుకున్న చేప మనవైపే వస్తున్నదన్నమాట.

ఇవన్నీ రాస్తే తేలికగా ఉన్నాయి కానీ, గడ్డికీ చేపకూ మధ్య తేడా చేతికి అబ్బడానికి కాలం పడుతుంది. దానికి దారి కూడా జిగ్గే చూపిస్తుంది. గడ్డి పోచ పట్టినప్పుడు నేను దారాన్ని మెల్లగా లాగను. కర్రను పక్కకు ఒక్క విదిలింపు విదిలిస్తాను. పోచ తెగి, జిగ్గు ముందుకు దూకి, ఒక్క క్షణం ఆగిన అదురు రెట్టింపు జోరుతో మళ్లీ మొదలవుతుంది. కొట్టే చేప ఎక్కువసార్లు ఆ క్షణంలోనే కొడుతుంది. బాస్ విషయంలోనూ ఇదే చెబుతారు: సమంగా పోతున్న ఎర వెనుక చేప ఊరికే అనుసరిస్తూ రావచ్చు, దాని నడక చెడినప్పుడే మింగుతుంది. పొంచి ఉండే చేపకు తడబడిన జీవిని వదలడం కష్టం కాబోలు.

కొట్టిన తరువాత మాత్రం బాస్ దారి వేరు, కొరమీను దారి వేరు. బాస్ నోరు తెరిచి, మొప్పలు విప్పి, నీటితో పాటు ఎరను లోపలికి పీల్చుకుంటుంది. కర్ర మరీ బిరుసుగా ఉంటే, పీల్చేలోపే మనం ఎరను లాగేసుకుంటాము. అందుకే బాస్ వేటగాళ్లు ఈ జిగ్గుకు ఏడడుగుల పొడవున్న, కొంత వంగే గుణమున్న కర్రను వాడతారు; చాలామంది ఫైబర్‌గ్లాస్ కలిసిన కర్రను మెచ్చుకుంటారు. కొరమీను కింది నుంచి వచ్చి దవడలతో కరిచి పట్టుకుంటుంది. దాని నోరు గట్టి ఎముక, లోపల సూదుల వంటి పళ్లు. మెత్తని కర్రతో ఆ ఎముకలోకి కొక్కెం దిగదు. చేప కాసేపు కుచ్చును పట్టుకుని, మనతో ఆడుకుని, వదిలేస్తుంది. కాబట్టి ఇక్కడ కర్ర కొంచెం బిరుసుగానే ఉండాలి, దారం సాగని బ్రెయిడ్, అంటే పోగులు అల్లినది కావాలి, కొక్కెం కొన గోరుమీద పెడితే జారకుండా నిలబడేంత పదును ఉండాలి. కుచ్చు పోగులను కొక్కెం వంపుకు సమంగా కత్తిరిస్తాను. పొడవుగా వదిలితే కొరమీను కొసలు మాత్రమే పట్టుకుంటుంది. వెనుక తగిలించే రబ్బరు చేపపిల్ల కూడా పలుచగా, చిన్నగా ఉండాలి. లావుపాటిది పెడితే నీటి ఒత్తిడి దానిమీద పడి రేకు అదురు సగం చచ్చిపోతుంది, అప్పుడు చేతికి అందే కబురు కూడా సగమే.

కొరమీనుకు ఈ ఎర పనికివస్తుందన్నది నా ఒక్కడి ఊహ కాదు. మన కొరమీను జాతిలోదే అయిన చైనా వైపు చేప ఒకటి, ఇంగ్లీషులో నార్తర్న్ స్నేక్‌హెడ్ అంటారు, 2002లో అమెరికాలోని మేరీలాండ్ రాష్ట్రంలో క్రాఫ్టన్ అనే చోట ఒక చెరువులో కనబడి పెద్ద కలకలం రేపింది. ఆ చెరువులోని చేపలన్నిటినీ మందు పెట్టి చంపారు. 2004లో అదే జాతి పొటోమాక్ నదిలో బయటపడింది, అక్కడ నిలదొక్కుకుంది. బాస్ ఉండే నాచులోనే అదీ ఉంటుంది, బాస్ కోసం వేసిన వైబ్రేటింగ్ జిగ్గునే అదీ కరుస్తుంది. ఇప్పుడు దానికోసమే ఈ జిగ్గు వేసేవారు అక్కడ ఎందరో ఉన్నారు. ఆ జాతి చేపలను ప్రాణంతో దిగుమతి చేయడాన్ని అమెరికా 2002లోనే నిషేధించింది. ఇటు జపాన్‌లో కథ తిరగబడింది. 1925లో అమెరికా నుంచి తెచ్చి అషి సరస్సులో వదిలిన లార్జ్‌మౌత్ బాస్ దేశమంతా పాకి స్థానిక చేపలను తినేస్తున్నందున 2005 నుంచి దానిని ప్రాణంతో తరలించడం, పెంచడం, కొత్త నీటిలో వదలడం అక్కడ నేరం. తెలంగాణ తన రాష్ట్ర చేపగా ప్రకటించుకున్న కొరమీనుకు బంధువైన చేప అమెరికాలో దొంగ, అమెరికా ముద్దుబిడ్డ జపాన్‌లో దొంగ.

ఇదంతా చెప్పడానికి కారణం ఉంది. వీడియోలు చూసిన కుర్రాళ్లు అప్పుడప్పుడు, బాస్ పిల్లలను ఎక్కడినుంచైనా తెప్పించి మన జలాశయాలలో వదిలితే ఎంత బాగుంటుందని అంటుంటారు. ఏమీ బాగుండదు. జోలాపుట్, డుడుమ, బలిమెల, సీలేరు ఒకే నీటి వరుస. పైన వదిలినది కిందికి చేరకుండా ఆపేవారు లేరు. బొచ్చె, శీలావతి, ఎర్రమోసు పిల్లలను నీటిలో వదిలి వాటిమీదే బతికే మత్స్యకార కుటుంబాల కడుపు కొట్టి మనం సరదా తీర్చుకోవడం న్యాయం కాదు. బాస్ వేటలో మనకు పనికివచ్చేది వారి చేప కాదు, వారి పనితనం.

ఒక కట్టుబాటు గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే నేను చెప్పిన కాలమూ కొరమీను పిల్లలు చేసే కాలమూ కొంతమేర ఒక్కటే. వానాకాలంలో నీటిమీద నారింజ ఎరుపులో చిన్న చిన్న పిల్లలు ముద్దగా కదులుతూ కనబడితే, దాని కిందనే తల్లిదండ్రులు కాపలా ఉంటాయి. ఆ ముద్ద మీదుగా జిగ్గు లాగితే చేప తప్పకుండా కొడుతుంది. ఆకలితో కాదు, పిల్లలను కాపాడుకోవడానికి. ఆ చేపను తీసేస్తే పిల్లలను పరిగెలు, జెల్లలు, పక్షులు గంటల్లో తేల్చేస్తాయి. బాస్‌లో మగచేప గుంట చేసి గుడ్లనూ పిల్లలనూ కాస్తుంది, అక్కడా ఇదే చిక్కు, దానిమీద వారిలో వారికి వాదాలు ఉన్నాయి. నాకు మాత్రం వాదం ఏమీ లేదు. ఎర్రముద్ద కనబడితే పడవ వెనక్కి తిప్పమంటాను. పడవ మావ మొదట్లో విసుక్కునేవాడు, “కంటికి కనబడ్డ సేపనొగ్గీసి కనబడందానికి ఎతుకుతావేటి” అని. ఇప్పుడు నాకంటే ముందు తనే చూసి తెడ్డు అడ్డం వేస్తున్నాడు.

జిగ్గు బరువుల గురించి చాలామంది అడుగుతారు. మోకాలి లోతు నుంచి నడుము లోతు దాకా ఉన్న ముంపు గడ్డిమీద ఏడు గ్రాములు, పది గ్రాముల తలలు సరిపోతాయి. పద్నాలుగు గ్రాములది నీరు లోతుగా ఉన్న అంచున, లేదా గాలి బాగా వీస్తున్నప్పుడు. తల బరువు పెరిగితే ఎర కిందికి దిగకుండా వేగంగా తిప్పవలసి వస్తుంది, ఎర్రనీటిలో వేగం మనకు శత్రువు. రంగు సంగతికి వస్తే, నీరు చిక్కగా ఎర్రగా ఉన్నప్పుడు నలుపు లేదా నలుపు నీలం కలిసినది, నీరు తేరుతున్నకొద్దీ గోధుమ, పసరు రంగులు, పరిగెలు గుంపులుగా ఎగురుతుంటే తెలుపు. రంగుల మీద ఇంతకంటే డబ్బు తగలేయనక్కరలేదు. రేకు మీద మాత్రం శ్రద్ధ పెట్టాలి. కొన్ని చౌకరకం జిగ్గులలో రేకు కన్నం గరుకుగా ఉండి, కదలిక పట్టేస్తుంది. కొనేటప్పుడే తల పట్టుకుని ఊపి చూడండి, రేకు ఎటువంటి అడ్డూ లేకుండా రెండు పక్కలకూ సమంగా వాలాలి. దారాన్ని రేకుకు నేరుగా ముడివేయకుండా దానికున్న స్నాప్‌కే కట్టాలి. రాళ్లకు తగిలి రేకు వంగితే వేళ్లతో సరిచేయవచ్చు కానీ, ఆ తరువాత ఎర ఒక పక్కకు ఈడ్చుకుపోతుంటే దానిని పారేయడమే మేలు. పట్టకారు దగ్గర లేకుండా కొరమీను నోట్లో వేలు పెట్టవద్దు. వదిలేసే చేప అయితే చేతులు తడిపి పట్టుకోండి, ఒంటిమీది జిగురు పోకూడదు.

నవంబరు దాటాక ఇవేవీ పనిచేయవు. అప్పటికి నీరు తేరి అడుగు కనబడుతుంది, ముంపు గడ్డి మురిగి నేలకు అంటుకుపోతుంది, కొరాపుట్ కొండల చలికి కొరమీను మందగించి లోతుకు దిగుతుంది. అమెరికాలో చలికాలం చివర, గుడ్లు పెట్టడానికి ముందు, నీరు ఇంకా చల్లగా ఉండగానే బాస్ ఈ జిగ్గును విరగబడి కొడుతుంది. ఆ వీడియోలు చూసి జనవరిలో జోలాపుట్‌కు బయలుదేరేవారికి నా సలహా, పెట్రోలు ఖర్చు మిగుల్చుకోమని. కొరమీను వెచ్చని నీటి చేప. ఆ నెలలలో పడవ మావ కప్పపిల్లను కొక్కేనికి గుచ్చి, రాత్రంతా నీటిలో వదిలిపెట్టే కట్టు గాలాలే గతి, వాటిలో నాకంటే ఆయనకే ఎక్కువ పడతాయి.